రెండు ముద్రల చీటీ

ఒసాకా పక్కన సకాయిలో హమురో గొరాకు అని ఒక కంపెనీ ఉండేదంటే ఇప్పుడు ఆ వీధివాళ్లే నమ్మరు. ఆ స్థలంలో మందుల దుకాణం కట్టారు. నాణెం వేసి ఆడే వీడియో గేములు తయారుచేసే కంపెనీ అది. ఇరవై రెండేళ్లు నేను అక్కడ ప్రోగ్రాములు రాశాను. నా జుట్టు, నా నడుము, నా మొదటి పెళ్లి అక్కడే పోయాయి. అయినా ఎవరైనా ఆ పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది నేను రాసిన ఆటలు కాదు, తనిఖీ గదిలో నిలబడి ఉన్న ఉచిబోరి సెత్సుకో గారు.

కంపెనీలో అందరికీ ఆవిడ అక్క. యజమాని హమురో జూకిచి గారు ఆవిడకంటే పదిహేనేళ్లు పెద్ద, ఆయనా అక్కా అనే పిలిచేవాడు. 1970లో ఆవిడ చేరినప్పుడు కంపెనీ వాళ్లు పెద్ద దుకాణాల మేడల మీద పిల్లలెక్కి ఊగే ఏనుగులు చేసేవాళ్లు. ప్రతి ఏనుగునీ ఆవిడ తనే ఎక్కి ఊగి చూసి, మెడ కింద తనిఖీ ముద్ర వేసేది. ఇరవై నాలుగేళ్ల ఆడమనిషి పని వేళలో ఏనుగెక్కి ఊగుతుంటే వీధిలో సైకిళ్లు ఆగిపోయేవట. తర్వాత టీ దుకాణాల బల్లల్లో టీవీ తెరలు బిగించే కాలం వచ్చింది, ఏనుగులు మూలపడ్డాయి. అక్క ఉద్యోగం మాత్రం మారలేదు. ఆట ఎక్కించిన ఏ సర్క్యూట్ బోర్డయినా గేటు దాటాలంటే ఆవిడ మూడో స్టేజి దాకా ఆడి చూడాలి, చీటీ మీద ముద్ర వేయాలి.

ఆడేది నిలబడే. ఆ గదిలో ఒకేసారి ముప్ఫై బోర్డులు మోగుతుండేవి. ఆవిడ కాలుగాలిన పిల్లిలా ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరకి తిరుగుతూ, ఇక్కడ రెండు దెబ్బలు, అక్కడ ఒక గెంతు, అలా సాయంత్రం దాకా ఆడుతూనే ఉండేది. అన్నం ముద్ద కూడా నిలబడే తినేది. ఒకసారి నేను కుర్చీ తెచ్చి వేస్తే దాని మీద స్క్రూల డబ్బా పెట్టుకుంది.

"కూర్చోండక్కా, కాళ్లు నొప్పెట్టవూ?"

"కూర్చుంటే ముళ్ల మీదున్నట్టుంటుందయ్యా. అయినా కూర్చుని చూస్తే తప్పులు దొరకవు, నిద్ర దొరుకుతుంది."

ఆటలంటే ఆవిడకి ఇష్టమూ లేదు, ద్వేషమూ లేదు. బియ్యంలో రాళ్లేరే మనిషికి బియ్యం మీద ఏం అభిప్రాయం ఉంటుంది? నా ఆటల్లో ఒక్కటి కూడా మొదటిసారి ఆవిడ చేతిలో నెగ్గలేదు.

"ఏమయ్యా ఉబుకాతా, నీ కోతి గోడలోంచి నడిచిపోతోంది."

"వెయ్యిసార్లకోసారి అక్కా. ఎవరు చూస్తారు?"

"నేను చూశాగా. పట్టుకుపో."

ఆ కోతి ఆటే మా కంపెనీ నిలబడ్డ ఆట. 'ముల్లంగి దొంగ', 1982. అది విడుదలైన నెలకే దొంగ నకలు బజార్లోకొచ్చింది. దాని పేరు 'ముల్లంగి వీరుడు'. మా కోతికి మీసాలు పెట్టారు, అంతే. మరో నాలుగేళ్లకి వేరే కంపెనీ వాళ్లు మా ప్రోగ్రామర్లని ముగ్గుర్ని ఒకే వారంలో ఎత్తుకుపోయారు. దాంతో హమురో గారికి లోకమంతా దొంగలే అనిపించింది. ఆట చివర తయారుచేసినవాళ్ల పేర్లు వేయకూడదని హుకుం వేశాడు. పేరు కనపడితే పక్కవాడు వలేస్తాడట. అలా నేను పద్నాలుగు ఆటలు రాశాను, ఏ తెర మీదా ఉబుకాతా అన్న పేరు లేదు. మా అమ్మకి చూపించి ఇది నేనే చేశానే అంటే, "అలాగే నాన్నా" అంది, జ్వరమొచ్చిన పిల్లవాడితో అన్నట్టు. అది నన్ను చాలా ఏళ్లు తినేసింది.

మా చివరి ఆట 'హిక్యాకు'. పాతకాలంలో జాబులు మోసుకుని ఎదో పట్టణం నుంచి ఒసాకాకి పరిగెత్తేవాడి కథ. మూడు సెకన్లు కాలు ఆగిందంటే వాడు పడిపోతాడు, ఆట అయిపోతుంది. ఆ పరుగు ఎవర్ని చూసి గీయించానో తనిఖీ గది వైపు ఒక్కసారి తొంగిచూసిన ఎవరైనా చెప్పేస్తారు.

ఈసారి నకళ్లు రాకూడదని హమురో గారు పట్టుబట్టాడు. బోర్డు మీద ఒక చిన్న బ్యాటరీ, అది కాపాడే ఒక రహస్య సంఖ్య. ఎవడైనా బోర్డు విప్పి కెలికితే కరెంటు తెగి సంఖ్య చెరిగిపోవాలి, ఆట చచ్చిపోవాలి. బ్యాటరీ దానంతటది అయిపోయినా అంతే. అందుకని కొన్న ప్రతి దుకాణానికీ హమురో గారు మాటిచ్చాడు: నాలుగేళ్లకోసారి మా మనిషి వచ్చి బోర్డు చావకుండా కొత్త బ్యాటరీ వేస్తాడు, మెషీన్ లోపల చీటీ అంటిస్తాడు, దాని మీద రెండు ముద్రలుంటాయి, ఒకటి తయారుచేసినవాడిది, ఇంకోటి తనిఖీది.

ఆ తాళం రాసే పని నా నెత్తిన పడింది. రాశాను. నాలుగో స్టేజిలో ఆట బిగుసుకుపోవడం మొదలెట్టింది. సరిచేయాలంటే రెండు వారాలు కావాలి, హమురో గారు మూడు రోజులిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. ఆ సంఖ్యని సరిచూసే నాలుగు వరుసల్ని తీసిపారేశాను. బ్యాటరీ ఉంటుంది, సంఖ్య ఉంటుంది, దాన్ని అడిగే నాథుడుండడు. ఎవరికీ చెప్పలేదు. ఇందులో గొప్ప ఆశయమేమీ లేదు, కోపం, నిద్రలేమి, అంతే. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది.

'హిక్యాకు' ఆడినవాళ్లు మెచ్చుకున్నారు గాని ఆడినవాళ్లే తక్కువ. అప్పటికి జనానికి ఇద్దరు మనుషులు కొట్టుకునే ఆటలు కావాలి. మా కంపెనీ అయిదారేళ్లు మూలిగి, 2001 మార్చిలో మూతపడింది. కోర్టువాళ్లు వచ్చి బల్లలకి కాగితాలంటించారు. నేను సొరుగుని ఒక తన్ను తన్ని, ఏమీ తీసుకోకుండా వచ్చేశాను. నా కప్పు, నా చెప్పులు, ఉద్యోగంలో చేరినప్పుడు మా నాన్న చెక్కించి ఇచ్చిన పేరు ముద్ర, అన్నీ అందులోనే వదిలేశాను. ముద్ర వదిలేసి రావడం ఎంత తెలివితక్కువ పనో ఇంటికొచ్చాక తెలిసింది. మా దేశంలో సంతకం బదులు ముద్రే వేయాలి, మా ఇంటిపేరేమో అరుదు, దుకాణంలో తయారుగా దొరకదు. తిరిగి వెళ్లి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

పన్నెండేళ్లు గడిచాయి. నేను పార్కింగ్ గేట్లకి ప్రోగ్రాములు రాస్తూ బతికాను. 2013 ఫిబ్రవరిలో అక్క వాళ్లాయన తాత్సుజో గారు ఫోన్ చేశాడు. కత్తులు సానబెట్టే మనిషి, ఏడాదికి పది మాటలు మాట్లాడతాడు. అందులో సగం ఆ రోజే ఖర్చుపెట్టాడు.

"ఆవిడ ఎల్లుండి కురాయొషి వెళ్తానంటోంది. బ్యాటరీ మార్చాలట. గుండె సరిగ్గా కొట్టుకోవట్లేదు, మార్చిలో ఆపరేషన్. అందాకా కదలొద్దని, నిలబడొద్దని డాక్టరు చెప్పాడు."

"ఏం బ్యాటరీ?"

"అదే, మీ ఆటది. కంపెనీ పోయినప్పట్నుంచీ ఊరూరూ తిరిగి మారుస్తూనే ఉంది. మొదట ముప్ఫై ఒక్క దుకాణాలు, ఇప్పుడు తొమ్మిది. నీకు తెలీదా?"

నాకు తెలియదు. ఫోన్ పట్టుకుని వంటింట్లో నాలుగుసార్లు తిరిగాను. ఈ పన్నెండేళ్లూ ఆవిడ ఎండల్లో, వానల్లో రైళ్లు మారి, పడవలెక్కి మార్చింది ఉత్త బ్యాటరీలు. నేను ఒక్క మాట చెబితే ఆవిడ ఆగిపోతుంది. అదే మాట చెబితే పన్నెండేళ్ల తిరుగుడంతా నా పాపమని కూడా తేలిపోతుంది.

"నువ్వు చెప్పు, వింటుంది. ఆ బ్యాటరీ నీ వంటకమే కదా" అన్నాడు తాత్సుజో గారు.

చెప్పలేకపోయాను. వాళ్లింటికెళ్లి, మీ బదులు నేను వెళ్లొస్తానన్నాను. నవ్వింది. తెల్లగా పాలిపోయి ఉంది, నడవాలో మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"నువ్వా? నీ ప్యాంటుకి నువ్వే చిల్లు కాల్చుకున్నావు టంకం ఇనుముతో. గుర్తులేదా?"

"అయితే నేనూ వస్తాను."

"రా. కళ్లుమూత పళ్లు మోద్దువు" అంది, నారింజపళ్ల సంచీ చూపించి. ఆ పళ్లు పుల్లగా ఉంటాయని వాటికి ఆవిడ పెట్టిన పేరది.

ఒసాకాలో ఎక్కాం. సీట్లు రిజర్వు చేయించాను, కిటికీ పక్కది ఆవిడకి. దాంట్లో సంచీ కూర్చుంది. ఆవిడ తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. టంకం ఇనుముని అన్నం డబ్బాలా గుడ్డలో మూటగట్టి చంకలో పెట్టుకుంది. వెళ్లి బతిమాలాను, విసుక్కున్నాను, డాక్టరు పేరు చెప్పి భయపెట్టాను.

"కూర్చుంటే గుండె చప్పుడు వినిపిస్తోందయ్యా. నిలబడితే రైలు చప్పుడే వినిపిస్తుంది" అంది.

చిజు కొండల్లో మంచు మొదలైంది. రెండు సొరంగాలు దాటి రైలు ఆగింది. ముందు పట్టాల మీద చెట్టు విరిగిపడిందని, ఎంతసేపవుతుందో తెలియదని చెప్పారు. పావుగంట. అరగంట. గంట. అక్క పెట్టెలో ఆ చివర నుంచి ఈ చివరకి నడవసాగింది. ప్రతి మలుపులోనూ ఒక సీటు వీపు పట్టుకుని ఆగుతోంది. పెదవులు నీలంగా కనబడ్డాయి.

"కురాయొషి కొట్టు ఇనోకుమా గారు అయిదింటికి కట్టేస్తాడు" అంటోంది. "తారీకు ఇవాళ్టితో సరి. చీటీలో ఇవాళ్టి దాకానే ఉంది. దిగి నడిస్తే పక్క స్టేషను ఎంత దూరముంటుంది?"

"మంచులోనా? మీకు మతి ఉందా?"

"పరిగెత్తనులే."

తలుపు దగ్గరున్న రైల్వే ఉద్యోగి దగ్గరికి నిజంగానే వెళ్లి దూరం అడుగుతోంది. నేను వెళ్లి ఆవిడ మోచేయి పట్టుకున్నాను. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ ముట్టుకోలేదు ఆవిడని. చెయ్యి ఎండుపుల్లలా ఉంది.

"అక్కా, ఆ బ్యాటరీ ఉత్తదే. పీకేసినా ఆట చావదు. తాళం చూసే వరుసలు నేను తీసేశాను. తొంభై అయిదులోనే. ఎవరికీ చెప్పలేదు. మీరు తిరిగిందంతా వృథా. నన్ను తిట్టండి, కొట్టండి, కానీ ముందు కూర్చోండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది, కోతి గోడలోంచి నడిచినప్పుడు చూసినట్టే.

"తెలుసు" అంది.

నేను మోచేయి వదిలేశాను.

"మొదటి లాటు వచ్చినప్పుడు రూలు ప్రకారం ఒక బోర్డుకి బ్యాటరీ పీకి చూడాలి. పీకాను. చావాలి, చావలేదు. ఇంకోటి పీకాను, అదీ అంతే. మధ్యాహ్నం దాకా ఆడాను. నీ వాడు పరిగెడుతూనే ఉన్నాడు."

"మరి ముద్రెందుకు వేశారు? నా ప్రతి బోర్డునీ వెనక్కి కొట్టారే!"

"చచ్చే బోర్డుని వెనక్కి పంపడం నా పనయ్యా. చావట్లేదని వెనక్కి పంపమని ఏ రూల్లో ఉంది?"

"హమురో గారికి చెప్పాల్సింది."

"చెప్తే ఆ పూటే నిన్ను గెంటేసేవాడు. అప్పటికి మీ ఆవిడ వెళ్లిపోయి నెల కాలేదు. రోజూ ఒకే చొక్కాతో వచ్చేవాడివి."

నాకు ముందు సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది. చెప్పకుండా పన్నెండేళ్లు నన్ను నేను తిట్టుకునే అవకాశం కూడా లేకుండా చేసిందని కోపం, ఏం కోపమో నాకే తెలియదు. మరి ఇన్నాళ్లూ ఊళ్లెందుకు తిరిగారు, జబ్బు గుండె పెట్టుకుని ఈ మంచులో ఎందుకు బయల్దేరారు అని రైల్లో అందరూ తిరిగి చూసేలా అరిచాను.

"ఇంట్లో చెవులు గుయ్యిమంటాయి" అంది ఆవిడ. ఇంకేదో చెప్పబోయి ఆపేసింది. "చూద్దువుగాని పద." అప్పుడే రైలు కదిలింది, ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడింది.

కురాయొషిలో ఇనోకుమా గారి గేమ్ సెంటర్ పాత బౌలింగ్ హాలు పక్కన ఉంది. డెబ్భై దాటిన మనిషి, మెడకి తువ్వాలు. అయిదు దాటినా కొట్టు కట్టకుండా గుమ్మంలో మంచు ఊడుస్తూ మా కోసం చూస్తున్నాడు. లోపలంతా బొమ్మలు పట్టే క్రేన్ మెషీన్లు, వెనక మూల ఒక్కటే 'హిక్యాకు'. అద్దం తుడిచి తుడిచి మెరుస్తోంది. టీ పెట్టాడు, వేడివేడి పీత అన్నం డబ్బాలు తెప్పించాడు. అక్క అవేవీ ముట్టుకోకుండా మెషీన్ వెనక్కి వెళ్లి తలుపు తీసింది.

"ఈయన ఉబుకాతా గారు" అంది లోపల్నుంచే.

ఇనోకుమా గారు చీపురు కింద పెట్టేశాడు. తువ్వాలు తీసి, నడుం వంచి, బదులు వంగిన నేను ఎంతకీ తల ఎత్తలేనంత కిందికి వంగాడు.

"మీరేనా? పదహారేళ్లుగా మీ ముద్ర చూస్తున్నాను."

అర్థం కాలేదు నాకు. వెళ్లి తలుపులోంచి చూశాను. లోపలి చెక్క మీద నాలుగు చీటీలున్నాయి. తొంభై ఏడు, రెండు వేల ఒకటి. ఈ రెండూ కంపెనీ రోజులవి, నా ముద్ర వంకరగా ఉంది. అప్పట్లో చీటీల కట్ట బల్ల మీదికొస్తే చూడకుండా గుద్దేవాణ్ణి. వాటి కింద రెండు వేల అయిదు, రెండు వేల తొమ్మిది. కంపెనీ లేదు, నేనూ లేను. తయారుచేసినవాడి గడిలో ఎర్రగా, నిటారుగా, గడి మధ్యలో ఉబుకాతా అని ఉంది. మా నాన్న చెక్కించిన ముద్రే.

"మా అల్లుడు రోజూ పోరుతాడండీ" అంటున్నాడు ఇనోకుమా గారు. "ఆ కంపెనీ ఎప్పుడో మునిగింది, అది తీసి క్రేన్ పెట్టు మామయ్యా అని. మునిగిన కంపెనీ నాలుగేళ్లకోసారి వస్తుందట్రా, రెండు ముద్రలు వేసి పోతుందట్రా? అంటాను నేను. నోరు మూసుకుంటాడు. ఎవరూ రావట్లేదంటే నేను మాత్రం ఎన్నాళ్లు పోట్లాడతాను?"

అక్క జేబులోంచి నా ముద్ర తీసి నా చేతిలో పెట్టింది. దానికి చిన్న గుడ్డ సంచీ కుట్టింది.

"సొరుగులో వదిలేసి పోయావు. ఇలాంటిది పారేసుకుంటారా ఎవరైనా? మిగిలిన ఎనిమిది చోట్లా ఉందిది. ఆట చివర పేరు లేదని ఏడిచేవాడివిగా."

నేనేమన్నానో గుర్తులేదు. కళ్లు తుడుచుకున్నాను, అంతవరకు తెలుసు.

ఆవిడ ముందు కొత్త బ్యాటరీకి తీగ కలిపి, తర్వాతే పాతది తీసింది, దానికి నిజంగా ప్రాణమున్నట్టే. అయిదో చీటీ నా ముందు పెట్టింది. ముద్రని ఎర్ర సిరాలో అద్ది, పైవైపు ఏదో తెలిపే పక్క గాటు చూసుకోకుండా ఆత్రంగా వేశాను. తలకిందులుగా పడింది.

"ఇది పనికిరాదు" అని చింపేసి, ఇంకో చీటీ ఇచ్చింది.

రెండోది సరిగ్గా పడింది. ఎగాదిగా చూసి పక్కన తన ముద్ర వేసింది. ఇక మిగిలింది ఆడి చూడటం. బ్యాటరీ మార్చాక మూడో స్టేజి దాకా ఆడాలి, అది రూలు. ఆవిడ మీటల వైపు ఒక అడుగు వేసి, మెషీన్ అంచు పట్టుకుని ఆగిపోయింది. మొహం చెమట పట్టింది. ఇనోకుమా గారు గుండ్రటి స్టూలు జరిపాడు.

"ఇవాళ నువ్వు ఆడు" అంది నాతో.

స్టూలు మీద కూర్చుంది. నలభై మూడేళ్ల తనిఖీలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, అవి కాసేపటికి కదలడం మానేశాయి. నేను నిలబడి మీట పట్టుకున్నాను. నా పరుగువాడు లేచి పరుగెత్తాడు, రెండో స్టేజిలో వంతెన మీద పడి చచ్చాడు.

"మళ్లీ ఆడు" అంది అక్క. "మూడో స్టేజి వచ్చేదాకా నేనిక్కణ్ణించి లేవను."

ఆ సాయంత్రం నేను తొమ్మిదిసార్లు చచ్చాను. మొదటి నాలుగు మాత్రమే చేతకాక.